మళ్ళీ వేలిముద్ర దగ్గరికేనా?

"సంతకం పెడతా నాయనా, నాకు సంతకం వచ్చు" అంది ఆవిడ.

"సంతకం ఎవరికి కావాలి మామ్మా! వేలు పెట్టు" అన్నాడు కంప్యూటరు ముందున్న కుర్రాడు.

పొదుపు సంఘాల సమావేశం ఉందని పటమటలో పొద్దున్నే బందరు రోడ్డు మీద బస్సెక్కి, దివిసీమలో ఒక ఊరికి వెళ్ళినప్పుడు నా కళ్ళ ముందు జరిగిన సంగతి ఇది. ఆవిడకు అరవై ఐదు దాటి ఉంటాయి. బతుకంతా నాట్లు, కలుపులు, కోతలు, మినప తీతలు. వేలి కొసన గీతలు ఏనాడో అరిగిపోయాయి. యంత్రం ఆ వేలిని ఒప్పుకోలేదు. కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టింది. ఇంకో వేలు పెట్టింది. ఆఖరికి ఆ కుర్రాడు విసుక్కోకుండానే, "రేపు రా మామ్మా, సర్వరు కూడా సరిగ్గా లేదు" అన్నాడు.

బయటికొచ్చాక అరుగు మీద నా పక్కన కూలబడింది. "రాత్రిబడిలో పలక మీద దిద్ది దిద్ది నేర్చుకున్నానమ్మా. బ్యాంకులో మొదటిసారి సంతకం పెట్టిన రోజున చెయ్యి వణికింది. మా ఆయన కూడా వేలిముద్రే. నేను మాత్రం సంతకం. ఇప్పుడు దాన్ని అడిగేవాళ్ళే లేరు" అంది.

ఆ మాట నన్ను వదలటం లేదు. వేలిముద్ర నుంచి సంతకానికి రావటానికి మన పల్లె స్త్రీలకు ఎన్ని తరాలు పట్టింది? ఆ సంతకం కోసం ఎంతమంది కార్యకర్తలు లాంతర్లు పట్టుకుని రాత్రిళ్ళు వాడల్లో తిరిగారు? ఇప్పుడు ఊరికి కంప్యూటరు వచ్చింది. వస్తూ వస్తూ మనల్ని మళ్ళీ వేలిముద్ర దగ్గరికే తీసుకొచ్చింది. దీన్ని ప్రగతి అంటున్నారు. మనమూ తల ఊపుతున్నాం.

కంప్యూటరు మీద నాకు కోపం లేదు. పల్లెకు కంప్యూటరూ ఇంటర్నెట్టూ రావాలని వాదించేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. నా పేచీ అది ఎలా వచ్చిందన్న దానితోనే. ప్రభుత్వాలు ఊరికి తెచ్చింది ఒక కౌంటరు. దాని అవతల ఒక కుర్చీ, ఇవతల ఒక వరస. ఆ వరసలో నిలబడేది మనం. వరసలో నిలబడి వేలు పెట్టటాన్ని హక్కు అనరు. ఆ కుర్చీలో కూర్చునే వీలూ, ఆ గది తాళంచెవీ మన చేతికొచ్చిన రోజే అది మన కేంద్రం అవుతుంది.

బోర్డులు మారాయి, కౌంటరు మారలేదు

ఒక్కసారి వెనక్కి చూద్దాం. 1999 జనవరిలో చంద్రబాబు ప్రభుత్వం 'విజన్ 2020' విడుదల చేసింది. ఆ ఏడాదే డిసెంబరులో హైదరాబాదులో ప్రయోగంగా మొదలైన పథకం 2001 ఆగస్టులో 'ఈ-సేవ' అయింది. కరెంటు బిల్లు, నీటి బిల్లు, పుట్టిన తేదీ పత్రం అన్నీ ఒకే చోట. పట్నవాసులు మెచ్చుకున్నారు, మెచ్చుకోదగ్గదే. 2004లో వచ్చిన రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 'రాజీవ్ ఇంటర్నెట్ గ్రామం' అంది. 2006లో కేంద్ర ప్రభుత్వం దేశం మొత్తం మీద లక్ష 'కామన్ సర్వీస్ సెంటర్లు' పెడతానంది. 2011 నవంబరులో 'మీసేవ' వచ్చింది. 2019 అక్టోబరు 2న జగన్మోహనరెడ్డి ప్రభుత్వం గ్రామ, వార్డు సచివాలయాలు తెరిచి, ఊరి సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటుని కూర్చోబెట్టింది. 2025 జనవరి 30న మళ్ళీ చంద్రబాబు ప్రభుత్వమే 161 సేవలతో 'మన మిత్ర' పేరుతో పాలనను వాట్సాప్‌లోకి తెచ్చింది.

పాతికేళ్ళలో ఇన్ని పేర్లు, ఇన్ని బోర్డులు. ప్రతిసారీ 'సేవ' అనే మాటే. సేవ చేసేది వాళ్ళు, చేయించుకునేది మనం. ఇన్ని పథకాల్లో ఏ ఒక్కదాని మధ్యలోనూ 'నేర్చుకోవటం' అన్న మాట లేదు. ఊళ్ళో ఆడపిల్ల వచ్చి ఆ కంప్యూటరు ముందు గంటసేపు కూర్చుని తనకు కావలసింది తాను వెతుక్కోవచ్చునన్న ఊహే లేదు.

ఆ ఊహకు దగ్గరగా వచ్చిన ప్రయత్నం ఒకటి మన పక్కనే జరిగింది. 2002లో పశ్చిమ గోదావరి జిల్లాలో ఈ-సేవను పట్నం నుంచి మండలాలకు తీసుకువెళ్ళినప్పుడు, ఆ కేంద్రాల నిర్వహణను మహిళా స్వయం సహాయక బృందాలకు అప్పగించారు. డ్వాక్రా సంఘాల స్త్రీలు కంప్యూటరు ముందు కూర్చుని దరఖాస్తులు తీసుకున్నారు, బిల్లులు కట్టించుకున్నారు, రుసుము లెక్కలు రాసుకున్నారు. కౌంటరు అవతల మన మనిషి ఉంటే ఇవతల నిలబడ్డ మనిషి గొంతు ఎలా మారుతుందో సంఘాల్లో పనిచేసే వాళ్ళకు చెప్పక్కర్లేదు. తరవాత వచ్చిన పథకాలు ఆ దారిని రాష్ట్రమంతటికీ వెయ్యలేదు. మీసేవ కేంద్రం ఒక వ్యక్తి నడుపుకునే వ్యాపారమైంది. అలా నడుపుకుంటున్న ఆడవాళ్ళూ ఉన్నారు, వాళ్ళను తప్పు పట్టటం లేదు. సంఘం చేతిలో ఉండటం వేరు, ఒకరి జీవనోపాధిగా ఉండటం వేరు అని మాత్రమే అంటున్నాను.

మా తప్పు కూడా చెప్పుకోవాలి

ప్రభుత్వాన్ని అనేసి ఊరుకుంటే చాలదు. స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసిన మేమేం చేశాం?

2003లో మేం కొందరం కలిసి ఒక ఊళ్ళో కంప్యూటరు పెట్టాం. పటమటలో ఎవరో ఆఫీసు మారుస్తూ ఇచ్చేసిన పాత కంప్యూటరు, ఒక ఫోను లైను. అప్పటికి బెంజి సర్కిలు చుట్టుపక్కల నెట్ సెంటర్లు వెలిశాయి. గంటకు ఇరవై, ముప్పై రూపాయలు. చెక్కగదుల్లో మగపిల్లలే. మన ఊరి ఆడపిల్లలకు ఆ గతి వద్దు, మనమే పెడదాం అనుకున్నాం. ఆలోచన మంచిదే.

ఎక్కడ పెట్టాలి? కరెంటు సరిగ్గా ఉండేది, దొంగల భయం లేనిది, పక్కా డాబా. అలాంటిది ఊళ్ళో పెద్దరైతు ఇల్లు. ఆయన ఉదారంగా మేడ మీద గది ఇచ్చాడు. ప్రారంభానికి పెద్దలొచ్చారు, కొబ్బరికాయ కొట్టారు, ఫోటోలు తీశారు. ఆ ఫోటోలు మా నివేదికలో వేసుకున్నాం.

ఆరు నెలల తరవాత వెళ్ళి చూస్తే కంప్యూటరు మీద గుడ్డ కప్పి ఉంది. వాడ నుంచి ఒక్క పిల్లా రాలేదు. ఎందుకు రాలేదని అడిగితే ఒక తల్లి నా ముఖం మీదే అంది: "ఆ ఇంటి పెరటి గుమ్మం దాటి లోపలికి ఎన్నడూ పోలేదమ్మా మేం. మీరొచ్చి మేడెక్కమంటే ఎక్కుతామా?" రైతుల ఆడపిల్లలు మొదట్లో వచ్చారు. సాయంత్రం ఆ ఇంటి కుర్రాళ్ళూ వాళ్ళ స్నేహితులూ చేరుతుంటే మానేశారు. తాళంచెవి ఆ ఇంటి గూట్లో ఉండేది. అడగాలంటే ఇంటాయన్ని అడగాలి.

మేం యంత్రం గురించి ఆలోచించాం గానీ గుమ్మం గురించి ఆలోచించలేదు. ఊరి మంచినీటి చెరువుకు కులం ఉందని, రచ్చబండకు మగతనం ఉందని ఉపన్యాసాలిచ్చే మాకు కంప్యూటరు గదికి కూడా రెండూ ఉంటాయని తట్టలేదు. ఆ తప్పు ఇప్పటికీ నాది.

"అందరి చేతుల్లోనూ ఫోనుంది కదా?"

ఇప్పుడు ఈ మాట ఎత్తగానే వచ్చే జవాబు ఇదే. అధికారులు అంటారు, మన సంస్థల్లో కుర్రకార్యకర్తలూ అంటారు. "కేంద్రాల రోజులు పోయాయి మేడమ్, అందరి చేతుల్లోనూ ఫోనే."

ఎవరి చేతుల్లో? 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మన ఆంధ్రప్రదేశ్ గురించి ఏం చెప్పిందో చూడండి. జీవితంలో ఎప్పుడైనా ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన మగవాళ్ళు నూటికి 48.8 మంది. ఆడవాళ్ళు నూటికి 21 మంది. దేశం మొత్తం మీద ఆడవాళ్ళ సగటు 33.3. ఐటీ రాష్ట్రమని ఇరవై ఏళ్ళు చాటుకున్న మనం దేశపు సగటు కంటే ఎంత కిందున్నామో లెక్క వేసుకోండి. ఆ తరవాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ ఫోను ఇంట్లో ఉండటానికీ ఆమె చేతిలో ఉండటానికీ మధ్య ఒక మొగుడు, ఒక కొడుకు, ఒక అత్తగారు ఉన్నారు.

పల్లెల్లో సంఘం సభ్యురాలి నంబరు రాసుకుంటుంటే ఇప్పటికీ వినే మాట: "మా అబ్బాయి నంబరు రాసుకోండి." ఆ నంబరుకే ఓటీపీ వస్తుంది. ఆ నంబరుకే బ్యాంకు సందేశం వస్తుంది. ఇంట్లో దెబ్బలు తినే స్త్రీ సహాయం కోసం ఏ నంబరు నుంచి సందేశం పంపాలి? కొట్టినవాడి ఫోను నుంచా? పాలన అంతా ఫోనులోకి వెళ్ళినప్పుడు, సొంత ఫోను లేని స్త్రీ తన పింఛను సంగతి తెలుసుకోవటానికి కూడా ఇంట్లో మగవాడి అనుమతి తీసుకోవలసి వస్తుంది. ఇంటి పెత్తనాన్ని ప్రభుత్వమే యంత్రంలో బిగించి ఇస్తున్నట్టు కాదా ఇది?

ఉపాధి హామీ పని సంగతీ అంతే. 2023 జనవరి నుంచి హాజరు ఫోను యాప్‌లోనే వెయ్యాలన్నారు. పూటకో ఫోటో. సిగ్నలు లేని గట్టు మీద ఒళ్ళొంచి మట్టి మోసిన మనిషి, ఫోటో ఎక్కకపోతే ఆ పూట పని చెయ్యనట్టే. నా హాజరు పడిందో లేదో నేనే చూసుకుంటానంటే ఎక్కడ చూసుకోవాలి? చూసుకునే చోటు ఊళ్ళో లేకుండా లెక్క మాత్రం కంప్యూటరులో ఉంటే ఆ లెక్క ఎవరిది?

ఇంటర్నెట్ విలాసమనే వాళ్ళకు ఒక్క సంగతి గుర్తుచేస్తాను. 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, హాస్టల్లో సాయంత్రం పూట ఫోను వాడకూడదన్న నిబంధనను ఎదిరించిన ఒక డిగ్రీ విద్యార్థిని కేసులో, ఇంటర్నెట్ అందుబాటు చదువుకునే హక్కులోనూ వ్యక్తిగత గోప్యత హక్కులోనూ భాగమని తీర్పు చెప్పింది. ఆ నిబంధన ఆడపిల్లల హాస్టల్లో పెట్టిందని వేరే చెప్పాలా?

"ముందు నీళ్ళు, మరుగుదొడ్లు, తరవాత కంప్యూటర్లు"

ఈ మాట మన ఉద్యమంలోనే చాలామంది అంటారు. ప్రపంచ బ్యాంకు అప్పులతో, సంస్కరణలతో పాటు వచ్చిన సరుకు కాబట్టి అనుమానించారు. ఆ అనుమానాన్ని నేను గౌరవిస్తాను. కానీ ఒకటి ఆలోచించాలి. నీళ్ళ పథకం ఎక్కడ ఆగిందో, మరుగుదొడ్డి బిల్లు ఎవరి పేరున పడిందో, భూమి పట్టా ఎవరి పేరుకు మారిందో ఇప్పుడు రాసి ఉన్నది కంప్యూటరులోనే. ఊళ్ళో పెత్తందారు ఆ తెర చూడగలడు. మనం చూడలేం. ముందు నీళ్ళు, తరవాత కంప్యూటరు అంటే రెండూ పెత్తందారు దయమీదే వస్తాయి.

చదువు విషయంలోనూ ఒకప్పుడు ఇదే వాదం విన్నాం. కూడు లేనివాళ్ళకు అక్షరాలెందుకు అన్నారు. 1990లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. వాచకంలో సారా గురించి ఒక పాఠం ఉంది. 1992 నాటికి దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఆ స్త్రీలకు ఎవరో వచ్చి చదివి వినిపించి వెళ్ళిపోయి ఉంటే అది జరిగేదా? నలుగురూ ఒకచోట కూర్చుని, తమ నోటితో తాము చదివి, తమలో తాము మాట్లాడుకున్నారు కాబట్టి జరిగింది. ఏలినవారికి అప్పుడు ఆ పాఠం బాగా అర్థమైందేమో! అందుకే కంప్యూటరు తెచ్చినప్పుడు నలుగురు కూర్చునే చోటు మాత్రం తేలేదు.

ఫోను ఒంటరిది. నలుగురు కలిసే చోటు మనకు కావలసింది. అప్పుల యాప్‌ల వలలో పడి, ఫోటోలు మార్చి పంపిస్తామన్న బెదిరింపులకు తాళలేక ప్రాణాలు తీసుకున్నవాళ్ళ వార్తలు 2020 తరవాత మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చదివాం. పక్కన కూర్చున్న మనిషికి తెర చూపించి "ఇది నిజమేనంటావా అక్కా?" అని అడిగే చోటు ఉంటే వాళ్ళలో కొందరైనా మిగిలేవాళ్ళు.

చేసి చూపించినవాళ్ళున్నారు

ఇది గాలిలో మాట కాదు. 1998లో పుదుచ్చేరి పల్లెల్లో స్వామినాథన్ పరిశోధనా సంస్థ విజ్ఞాన కేంద్రాలు పెట్టినప్పుడు, ఊరివాళ్ళు ఉచితంగా చోటివ్వాలి, ఆ చోటికి దళితులూ ఆడవాళ్ళూ సహా అందరూ రాగలగాలి అని షరతు పెట్టారు. నడపటానికి ఊరి స్త్రీలకు శిక్షణ ఇచ్చారు. వీరంపట్టినం జాలర్లకు రోజూ కెరటాల ఎత్తు ఎంతో ఇంటర్నెట్‌లో చూసి మైకులో చెప్పేవారు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు నల్లవాడు ఊరికి సింగపూరులో ఉన్న ఆ ఊరి మనిషి ఫోను చేశాడు. ఊరివాళ్ళు కేంద్రం తలుపులు పగలగొట్టి, ఆ మైకులోనే హెచ్చరించి ఊరిని ఖాళీ చేయించారు. 1977 నవంబరు 19 ఉప్పెనలో వేలమందిని పోగొట్టుకున్న దివిసీమకు దీని విలువ వేరే వివరించాలా? కానీ ఆనాడు కూడా తలుపు పగలగొట్టవలసి వచ్చిందని గమనించండి. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్నది చిన్న సంగతి కాదు.

మన తెలుగు నేలమీదే జహీరాబాదు దగ్గర మాచనూరులో 2008లో 'సంఘం రేడియో' మొదలైంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలే అక్కడ మైకు పట్టుకున్నారు, రికార్డు చేశారు, తమ యాసలో తమ పంటల గురించి మాట్లాడారు. యంత్రం మన ఆడవాళ్ళకు చేతకాదన్న మాట ఆనాడే పోవాలి.

మనం ఏం అడగాలి?

ఊరికో కొత్త భవనం అడగటం లేదు. ఉన్న సచివాలయాల్లో, బడుల్లో, సమాఖ్య భవనాల్లో ఒక్క గది చాలు. కానీ ఆ గదికి మన షరతులుండాలి.

మొదటిది, చోటు. వాడ స్త్రీ తల వంచుకోకుండా లోపలికి నడిచి రాగల చోటే కావాలి. ఎవరింట్లోనూ, ఏ గుడి ప్రాంగణంలోనూ వద్దు.

రెండోది, వేళ. కూలికి పోయే స్త్రీకి పదింటి నుంచి అయిదింటి దాకా తెరిచే ఆఫీసు మూసి ఉన్నట్టే లెక్క. పొద్దుగూకాక రెండు గంటలు స్త్రీలకే తెరవాలి. దారిలో వీధి దీపం వెలగాలి.

మూడోది, తాళంచెవి. అది గ్రామ సమాఖ్య దగ్గర ఉండాలి. నడిపే అమ్మాయికి గౌరవ వేతనం పేరుతో చిల్లర విదల్చకుండా జీతం ఇవ్వాలి.

నాలుగోది, నేర్పటం. వచ్చిన స్త్రీ పని చేసిపెట్టి పంపితే చాలదు. తన హాజరు, తన రేషను, తన ఖాతా, తన పొలం కాగితం తానే తెర మీద తెలుగులో చూసుకునేలా నేర్పాలి.

అయిదోది, వేలు చెల్లని రోజున మనిషి చెల్లాలి. యంత్రం ఒప్పుకోకపోతే సంతకం తీసుకుని పని జరిపించే పద్ధతి ప్రతి ఆఫీసులోనూ ఉండాలి. 'రేపు రా' అంటే ఎందుకు రమ్మన్నారో కాగితం మీద రాసివ్వాలి.

మన సంస్థలకు కూడా ఒక మాట. ఒక్కరోజు 'డిజిటల్ అక్షరాస్యత శిక్షణ' పెట్టి, బ్యానరు ముందు ఫోటో దిగి, అంకెలు నివేదికలో వేసుకునే అలవాటు మానుకుందాం. ఆ పని నేనూ చేశాను కాబట్టే చెబుతున్నాను. పది ఊళ్ళలో పది ఫోటోల కంటే ఒక ఊళ్ళో ఏడాదిపాటు తెరిచి ఉన్న గది మేలు. వచ్చే గ్రామసభలో ఈ అయిదు షరతులూ తీర్మానంగా పెట్టిద్దాం. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో మినిట్స్‌లో రాయిద్దాం. పోరాటాలు అలాంటి చిన్న కాగితాలతోనే మొదలవుతాయి.

ఆ రోజు సాయంత్రం బస్సు కోసం నిలబడితే ఆ మామ్మ మళ్ళీ కనిపించింది. నా సంచిలో సమావేశానికి వచ్చినవాళ్ళ పేర్ల కాగితం ఉంది. "దీనిమీద సంతకం పెడతావా మామ్మా?" అన్నాను. కాగితం మోకాలి మీద పెట్టుకుని, నిదానంగా, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పెట్టింది. పెట్టి, కాస్త దూరంగా పట్టుకుని చూసుకుంది.

ఆ సంతకం ఏ కంప్యూటరులోనూ లేదు. దాన్ని అడిగే రోజు తేవలసింది మనమే.